నూకరత్నం మేకలు దాటేదాకా

ఏమోయ్, నిన్నే! ముందు ఆ ఎందుకు-మీట మీంచి వేలు తియ్యి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. నీళ్ళ కాగుని అడిగావు, ఎందుకు ఆలస్యం చేశావని. తలుపుని అడిగావు, ఎందుకు కిర్రుమన్నావని. ఆఖరికి కాళ్ళకున్న చెప్పుల్ని కూడా అడిగావు, ఎందుకు బిగుసుకున్నారని. పాపం అవన్నీ ఓపిగ్గా జవాబు చెప్పాయి. ఇంట్లో మీ ఆవిడ రెండు రోజులుగా మూతి ముడుచుకుని కూర్చుంటే మాత్రం ఎందుకని అడగవు. ఆవిడకి మీట లేదు మరి! సరే, ఇలా వచ్చి కూర్చో. మీట నొక్కేవాళ్ళని ఊరంతా చూస్తాం. మీట వెనకాల జవాబు రాసి పెట్టినవాడి సంగతి చెప్తాను. వాడు నీకంటే తెలివైనవాడేమీ కాదులే, భయపడకు.

వాడి పేరు లోవరాజు. ఆ పూట కూడా ఎప్పటిలాగే గేటు పక్కన నిలబడి ఏడు నిమిషాలు గడవడం కోసం చూస్తున్నాడు.

ఒకవైపు సముద్రం, ఒకవైపు కాలవ. మధ్యలో కోనసీమ పొలాల్ని ఉప్పునీటి నుంచి కాపాడే పొడుగాటి గట్టు. ఆ గట్టుకి నలభై ఒక్క లాకులు. ఆటు తగ్గగానే గేట్లు వాటంతటవే పైకి లేచి లోపలి మురుగునీటిని సముద్రంలోకి వదులుతాయి, పోటు రాకముందే దిగిపోతాయి. అన్నిటికంటే మొదటిది తల్లి లాకు. దాన్ని కాపలా కాసి నడిపించే లస్కరు లోవరాజు. ఏభై ఎనిమిదేళ్ళవాడు. ఏడో తరగతి దాకా చదివాడు, ఆ ఏడోది రెండుసార్లు.

ఆటు గంట మోగింది. గేటు కదలలేదు. లోవరాజు ఎందుకు-మీట నొక్కాడు. కారణం తెలియక కాదు, గొంతు వినిపిస్తుందని.

గేటు చెప్పింది: "నూకరత్నం అనే ఆవిడ ఈ వేళకి గేటు నెత్తిమీది నడకదారిన మేకల్ని తోలుకెళ్తుంది. ఆవిడా, ఆవిడ మేకలూ దాటేదాకా ఏడు నిమిషాలు ఆగాలి. దాటినట్టు లస్కరు రాయాలి."

లోవరాజు నడకదారి వైపు చూశాడు. మనిషి లేదు, మేకా లేదు. ఒక కొంగ ఉంది, అది కూడా వెళ్ళిపోయే ఆలోచనలో ఉంది. పలక తీసి "దాటింది" అని రాశాడు. గేటు మూలుగుతూ పైకి లేచింది.

నూకరత్నం అనే మనిషి ఎక్కడా లేదు. తొమ్మిదేళ్ళ కింద లోవరాజు పుట్టించిన మనిషి ఆవిడ.

అదెలా కుదిరిందో తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు యంత్రాన్ని నడిపించే రాత ఒకచోట ఉండేది, అది ఎందుకలా నడుస్తుందో చెప్పే పుస్తకం ఇంకెక్కడో ఉండేది. నడకరాత మారేది, పుస్తకం మారేది కాదు. ఒక తుఫాను రోజున గట్టు మీదున్నవాళ్ళు ఆ పుస్తకం చూసి గేటు దిగుతుందని నమ్మారు. నాలుగేళ్ళ కిందటి పుస్తకం అది. గేటు లేచింది. అరవై ఊళ్ళ పొలాలు ఉప్పుతేలిపోయాయి. అప్పుడు చట్టం వచ్చింది. నడకరాతలో ప్రతి వాక్యం పక్కనే, అదే కాగితంలో, అది ఎందుకో చెప్పే తోడురాత ఉండాలి, మీట నొక్కితే వినపడేది అదే. ఒకటి మార్చి రెండోది మార్చకపోతే యంత్రం కదలదు. ఒకటి తీసేస్తే రెండోదీ పోవాలి, దానికి నకళ్ళు ఎక్కడా మిగలకూడదు. దిక్కులేని వివరణ ఒకటి ఎక్కడో మిగిలిపోబట్టే కదా అన్ని ఊళ్ళు మునిగాయి!

రెండు రాతలూ ఒకదానితో ఒకటి సరిపోయాయా లేదా చూడడానికి పోల్చరి అనే యంత్రాన్ని పెట్టారు. అది మహా గట్టిది. అక్షరం తేడా వచ్చినా పట్టేస్తుంది. ఒక్కటే లోటు. రాతని రాతతో పోలుస్తుంది కానీ, కిటికీలోంచి తల బయటికి పెట్టి చూడదు.

ఇక మన లోవరాజు ఎలాంటివాడంటే, పెళ్ళిపందిరి బయట చెప్పుల జతలన్నీ కలిపేసి, తను మాత్రం బుద్ధిగా బంతిలో కూర్చుని రెండోసారి పప్పు వేయించుకునే రకం. భార్య పోయాక ఇంట్లో ఉండలేక ఈ గట్టు ఉద్యోగానికి వచ్చాడు. వచ్చాక తెలిసింది, ఇక్కడ ఏడిపించడానికి కూడా మనిషి లేడని. పడవ నెలకోసారి బియ్యం, పప్పూ దించి వెళ్తుంది. పడవవాడికి మాట్లాడే తీరిక ఉండదు. ఆరు నెలలకి లోవరాజు తన గొంతు తనే మరిచిపోయేలా ఉన్నాడు.

ఒకరోజు కూర్చుని నడకరాతలో ఒక వాక్యం చేర్చాడు: ఏడు నిమిషాలు ఆగు. పక్కన తోడురాత రాశాడు: నూకరత్నం, మేకలు. పోల్చరి రెండూ చూసింది. ఆగమంది, ఎందుకో చెప్పింది, సరిపోయింది. పచ్చదీపం వెలిగింది. లోవరాజు ఒక్కడే పొట్ట పట్టుకుని నవ్వాడు. రేపో ఎల్లుండో ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎవరండీ ఈ నూకరత్నం?" అని అడుగుతారని ఎదురుచూశాడు. అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ మా మేనత్త అని, ఒక కన్ను మెల్ల అని, గేటుని కూడా బూతులు తిడుతుందని.

ఎవరూ అడగలేదు. వారం గడిచింది, ఏడాది గడిచింది. తల్లి లాకు రాత ఏదైనా తెల్లారేసరికి మిగతా నలభై లాకులకీ దిగుతుంది, వాళ్ళందరిదీ కలిపి ఒకటే పిల్లప్రతి, అంటే అందరూ చూసే ఒకే కాగితం. పై నుంచి కిందికి దిగడమే తప్ప కింద రాసింది పైకి ఎక్కదు. తల్లి రాత చెదిరిపోకూడదని అలా కట్టారు. అంటే నలభై లాకుల్లోనూ రోజూ నూకరత్నం కోసం గేటు ఆగుతోంది. నలభై మంది లస్కర్లూ రోజూ దాటిందని రాస్తున్నారు. ఒక్కడికీ అనుమానం రాలేదే అని లోవరాజు మొదట్లో మురిసిపోయాడు. తర్వాత తర్వాత, చదివేవాడే లేడన్నమాట అని అర్థమై, మురవడం మానేశాడు.

అలాంటిది ఆ రోజు గేటు లేచిన కాసేపటికి ఫోన్ మోగింది. లాకుల సూపరింటెండెంటు హైమావతి గారు.

"లోవరాజు గారూ, మనుషుల రాకపోకలు లేని లాకులకి ఇక లస్కర్లు అక్కర్లేదని ఉత్తర్వు వచ్చిందండి. వాళ్ళని ఊళ్ళలోకి సర్దుతున్నాం."

లోవరాజు లేచి నిలబడ్డాడు. ఊరు! పక్కింట్లో ఎవరైనా దగ్గితే గోడలోంచి వినపడే ఇల్లు. అంతకంటే అతను ఇంకేమీ కోరుకోలేదు.

"ఆయ్! నేను రడీయేనండి మేడం గారూ! సంచి సర్దేసుకుంటానండి."

"మీది కుదరదండి. మీ లాకు మీదుగా నూకరత్నం గారు వెళ్తారు కదా."

లోవరాజు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "ఆవిడ... పెద్దదైపోయిందండి."

"అందుకే మరీ జాగ్రత్త. ఆవిడ దాటిందో లేదో చూడ్డానికి మనిషి ఉండి తీరాలి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మీరు ఉండాలి. కింద నలభై లాకులకీ ఇదే మాట చెప్పాను."

"ఆళ్ళు కూడా ఉండిపోవాల్సిందేనాండి?"

"మరి ఆవిడ అన్ని లాకులూ దాటుతోందట కదా! ఎంత ఓపికండీ ఆ వయసులో! మా అందరి నమస్కారాలు చెప్పండి. చలికాలం వస్తోంది, ఒక రగ్గు పంపిస్తున్నాను."

రగ్గు నిజంగానే వచ్చింది. నీలం రంగుది, మెత్తగా ఉంది. లోవరాజే కప్పుకున్నాడు.

మూడు రోజులు ఆలోచించాడు. తనొక్కడే కాదు, తన వేళాకోళానికి ఇంకో నలభై మంది గట్టుకి అతుక్కుపోయారు. నాలుగో రోజు భోజనం చేసి, పోల్చరి ముందు కూర్చుని ఆ వాక్యం కొట్టేశాడు.

"తీసేయడానికి కారణం రాయండి," అంది పోల్చరి.

"అలాంటి మనిషి ఎప్పుడూ లేదు" అని రాశాడు.

"ఆమె దాటినట్టు మీరే మూడు వేల రెండు వందల పైచిలుకు సార్లు రాశారు. ఈ కారణం పొసగదు."

"అయ్యన్నీ అబద్ధాలే తల్లీ!" అన్నాడు లోవరాజు పైకే.

"మీ రాత, గేటు నడక తొమ్మిదేళ్ళుగా సరిపోతున్నాయి. సరిపోయినది అబద్ధం కాదు."

"నీ మొహం కాదు! బైటికొచ్చి చూడెహె ఒకసారి!"

పోల్చరికి అలాంటి అలవాటు లేదు. ఒప్పుకునే కారణాలు మూడు చూపించింది. ఆమె దారి మార్చుకుంటే కొత్త దారి కొలతలు కావాలి. ఊరు మారితే కొత్త ఇంటి నంబరు కావాలి. చనిపోతే లస్కరు సాక్ష్యం చాలు.

లోవరాజు చాలాసేపు పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వుతాలుకి పుట్టించిన మనిషే. అయినా తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఆవిడ పేరు తలుచుకోకుండా ఒక్క రోజు గడవలేదు. వర్షం పడితే పాపం ఈ వానలో మేకలతో ఎలా వస్తుందో అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. చివరికి రాశాడు: "నూకరత్నం కాలం చేసింది. నిద్రలోనే పోయింది. బాధ పడలేదు."

పచ్చదీపం వెలిగింది.

ఆ తర్వాత రోజు ఉత్తర్వు వచ్చింది, పది రోజుల్లో ఊళ్ళోకి రమ్మని. లోవరాజు సంచి సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి రగ్గు తప్ప పెద్దగా ఏమీ కనపడలేదు.

మూడో రోజు పొద్దున్న కాలవ వైపు నుంచి చప్పుడు వినపడింది. బయటికొచ్చి చూస్తే వరసగా పదకొండు పడవలు. నిండా మనుషులు. ముందు పడవలోంచి అరవై ఏళ్ళావిడ ఒకతె దిగి, గట్టెక్కుతూనే శోకం అందుకుంది.

"ఎల్లిపోయావా నూకరత్నమా! నీ మేకల్ని ఎవరి పాల్జేసి ఎల్లిపోయావే తల్లో!"

లోవరాజు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"నేను ఇరవై మూడో లాకు లస్కర్నయ్యా. భూలోకమ్మ అంటారు," అంది ఆవిడ కళ్ళొత్తుకుంటూ. "ఈ రోజు ఆవిడ చిన్నదినం కదా. ఆవిడున్నన్నాళ్ళూ లాకు వదిలి కదిలే వీల్లేకపోయె. ఇప్పుడేగా కాళ్ళకి సెలవొచ్చింది. జొరాలొచ్చిన ముగ్గురు తప్ప అందరం వచ్చేశాం."

ముప్ఫై ఏడుగురు దిగారు. గిన్నెలు దించారు, పొయ్యిరాళ్ళు పెట్టారు. సత్తిపండు అనే బక్కపలచటి మనిషి పెద్ద దబరా ఒకటి మోసుకొచ్చి లోవరాజు ముందు పెట్టాడు.

"ఏటండీ ఇది?"

"మేకమాంసవండి. ఆవిడ పేరు మీద ఒకదాన్ని కోశావండి. ఆవిడికిష్టం కదండీ," అన్నాడు సత్తిపండు, మొహంలో ఒక్క గీత కదలకుండా.

లోవరాజుకి నవ్వు తన్నుకొచ్చింది. పళ్ళు బిగబట్టి "అవునండి, పాపం" అన్నాడు.

వంట అయ్యేలోపు అందరూ గుండ్రంగా కూర్చుని ఆవిడ మంచితనం తలుచుకున్నారు. తమ లాకు దాటేటప్పుడు ఆగి, రోజూ తనకో చుట్ట ఇచ్చి వెళ్ళేదన్నాడు సత్తిపండు. మందలో ఒక కుంటిమేక ఉండేదనీ, అందరికంటే వెనక వచ్చి అందరి మీదా అరిచేదనీ, అందుకని దానికి కలెక్టరు అని పేరు పెట్టుకుందనీ భూలోకమ్మ చెప్పింది. ఒకసారి కలెక్టరు తప్పిపోతే ఆవిడతో పాటు తనూ గట్టంతా వెతికానని ఇంకొకాయన గద్గదంగా అన్నాడు. మాట్లాడిన ప్రతివాళ్ళూ చివర్లో ఆగి, లోవరాజు మొహంలోకి చూసేవాళ్ళు.

పాపం, నన్ను ఓదారుద్దామని కాబోలు అనుకున్నాడు లోవరాజు. వీళ్ళు పిచ్చివాళ్ళా, లేకపోతే ఉద్యోగం కోసం రోజూ అబద్ధాలు రాసి రాసి నిజంగానే నమ్మేశారా అనుకున్నాడు. నిజం చెప్పేసి అందరితో కలిసి పడిపడి నవ్వాలని నాలుక దురద పెట్టింది. కానీ ఇంత దూరం ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళకి ఆ మాట ఎలా చెప్పడం? తల దించుకుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎదురుగా ముప్ఫై ఏడుగురూ ఒకరినొకరు చూసుకుని నిట్టూర్చారు.

బంతి భోజనం పెట్టారు. పక్కన కూర్చున్నవాడి మోచెయ్యి లోవరాజు మోచేతికి తగులుతోంది. వడ్డించేవాడు "ఇంకాస్త ఎయ్యనాండి?" అని అడుగుతున్నాడు. తొమ్మిదేళ్ళలో అతని విస్తట్లో ఇంకొకరి చెయ్యి అన్నం పెట్టడం అదే మొదలు. అబద్ధపు మనిషి చావుకి ఇంత నిజం భోజనమా అని, లోవరాజు మారు అడిగి మరీ తిన్నాడు.

పొద్దు వాలకముందే పడవలు సర్దుకున్నారు. అందరూ ఎక్కారు. భూలోకమ్మ ఒక్కతే గట్టు మీద నిలబడి అతని వైపు చూసింది.

"ఇంక సాలు లోవరాజూ. ఓడిపోయాం. నువ్వే గెలిచావు. ఇప్పుడన్నా నవ్వవయ్యా బాబూ!"

"ఏం గెలిచానక్కా?"

"ఇంకా సూడు, ఎలా అడుగుతున్నాడో! ఓరి నీ గడుసుతనం మండా!" పడవలోంచి సత్తిపండు కిలకిల నవ్వాడు. వెంటనే మిగతా పడవలన్నీ నవ్వాయి. పొద్దుటి నుంచి పట్టి ఉంచిన నవ్వు అది, పడవలు ఊగిపోయాయి.

లోవరాజు ఏమీ అర్థం కాక, చేసేది లేక నిజం కక్కేశాడు. "అక్కా, నన్ను తిట్టకండి. నూకరత్నం అనే మనిషే లేదు. నేనే కల్పించాను."

"ఆ సంగతి మొదటి రోజే తెల్సు మాకు. నలభై లాకులు, ముప్ఫై కోసుల దూరం. ఒకే గంటకి అన్ని లాకులూ దాటే మేకలు ఎక్కడున్నాయయ్యా? రెక్కలున్నాయా ఆటికి? రాత కింద నీ పేరుంది. మనలాంటోడే, తోచక రాశాడని నవ్వుకున్నాం. దాటిందా లేదా రోజూ రాయాలి కదా, ఆ పక్కనే నీకు తిరుగు రాయడం మొదలెట్టాం. నలభై మందిదీ ఒకటే కాగితవాయె. ఒకడు చుట్ట అంటే, ఒకడు కుంటిమేక అంటాడు. అంతా నీకే. నువ్వేమో ఒక్క మాట తిరిగి రాయవు! అబ్బో, మహా గట్టిపిండం, నవ్వు ఆపుకుని కూర్చున్నాడ్రా అనుకున్నాం. నిన్ను మాట్లాడించినోడికి పులసకూర పెడతానని సత్తిపండు పందెం. నువ్వు ఆవిణ్ణి సంపిన కబురు కిందికి దిగేసరికి, అదిగో మాట్లాడాడ్రా, మనల్ని చావుకి పిలిచాడ్రా అని బయల్దేరాం."

లోవరాజు తల అడ్డంగా ఊపాడు. "నాకు ఒక్కటీ రాలేదక్కా."

"ఏంటి?"

"కింద రాసింది పైకి ఎక్కదు. తల్లి లాకుకి రాదు. నాకు ఒక్క ముక్క కూడా రాలేదు."

పడవల్లో నవ్వు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. నలభై మందిని బోల్తా కొట్టించానని మురిసిన మనిషి, ఆ నలభై మందీ తొమ్మిదేళ్ళు తనతో కబుర్లాడుతుంటే ఎవరూ లేరని ఏడ్చిన మనిషి, ఒక్కడే గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"అయితే ఇప్పుడు చూపించక్కా," అన్నాడు. "అన్నీ చదువుకుంటాను. ఇంకా వారం రోజులున్నాయి కదా."

భూలోకమ్మ సంచిలోంచి పలక తీసింది. తీసి అతనికి ఇవ్వలేదు. తనూ చూడలేదు.

"నువ్వు ఆ వాక్యం తీసేశావు కదయ్యా," అంది. "పక్కన రాసుకున్నదంతా దాంతోపాటే పోయింది. మొన్న తెల్లారేసరికి తెల్ల కాగితం. నీ దగ్గర ఉంటుందిలే అనుకున్నాం."

అందరికీ ఉత్తర్వులు వచ్చేశాయి. భూలోకమ్మని అరకు పంపుతున్నారు, సత్తిపండుని కర్నూలు. వారం తిరిగేసరికి తలో ఊరూ.

"ఒక్కటైనా గుర్తుందా అక్కా? ఏదో ఒకటి?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఈసారి నిజంగానే తడి ఉంది.

"మొదటి రోజుది గుర్తుంది. నేనే రాశాను. 'మేకలు క్షేమంగా దాటాయి లోవరాజూ. నువ్వెలా ఉన్నావు?' అని."